సైనస్ శస్త్రచికిత్సకు ముందు, తరువాత యాంటీబయాటిక్‌ల వాడకం

ముక్కు లోపలి పొర ఎప్పుడూ సూక్ష్మజీవులకు నెలవే. ఎండోస్కోప్‌తో సైనస్ ద్వారాలు తెరిచే శస్త్రచికిత్సలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ చోటును పూర్తిగా క్రిమిరహితం చేయలేరు. అయినా గాయానికి చీము పట్టడం అరుదు. ముక్కుకు రక్తప్రసరణ ఎక్కువ. తెరిచిన ద్వారాల గుండా స్రావాలు వాటంతటవే బయటికి పోతాయి. అమెరికాలోని నాలుగు వృత్తి సంఘాలు 2013లో కలిసి వెలువరించిన మార్గదర్శకాలు తల, మెడ శస్త్రచికిత్సల్లో చాలావాటికి కోతకు ముందు యాంటీబయాటిక్‌ను సూచిస్తూనే, టాన్సిల్ తొలగింపును, ఈ సైనస్ శస్త్రచికిత్సను మినహాయించింది ఇందుకే.

శస్త్రచికిత్సకు ముందు చీము కనిపిస్తే మాత్రం చికిత్స అవసరం. అప్పుడు ఎండోస్కోప్‌తో చూస్తూ చీము నమూనా తీసి, కల్చర్ పరీక్షలో తేలిన క్రిమికి తగిన మందు ఇవ్వడం సరైన పద్ధతి. చీము లేకుండా పాలిప్‌లు, వాపు మాత్రమే ఉన్నవారికి యాంటీబయాటిక్ కన్నా కొద్ది రోజుల స్టెరాయిడ్ ఎక్కువ పనికొస్తుంది, రక్తస్రావమూ తగ్గుతుంది.

శస్త్రచికిత్స తరువాత వారం, పది రోజుల యాంటీబయాటిక్ కోర్సు చాలాచోట్ల అలవాటుగా సాగుతోంది. దానివల్ల ఇన్‌ఫెక్షన్లు గాని, బాధలు గాని స్పష్టంగా తగ్గాయని తులనాత్మక పరీక్షలు చూపలేదు. మానడానికి నిజంగా తోడ్పడేది మరిగించి చల్లార్చిన నీటితో కలిపిన ఉప్పునీటితో ముక్కు కడగడం, పక్కులు తీయించుకోవడం, స్టెరాయిడ్ స్ప్రే. రక్తం ఆపడానికి ముక్కులో కుక్కే ప్యాకింగ్ రోజుల తరబడి ఉంచినప్పుడు స్టాఫిలోకాకస్ విషం వల్ల అరుదుగా ప్రాణాపాయం వస్తుంది కనుక అక్కడ మందు ఇచ్చేవారున్నారు. ప్యాకింగ్ త్వరగా తీసేయడం అంతకన్నా మేలు.

యాంటీబయాటిక్‌కు ఏమాత్రం లొంగని సైనస్ జబ్బును హైదరాబాద్ 2021లో దగ్గరగా చూసింది. అదే బ్లాక్ ఫంగస్. దాని కేసులకు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ప్రధాన కేంద్రమైంది. ఆ ఏడాది మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం ఈ జబ్బును తప్పక నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించింది. కుళ్లిన కణజాలాన్ని తొలగించడం, ఆంఫోటెరిసిన్‌-బి, మధుమేహ నియంత్రణ: చికిత్సకు ఆధారం ఇవే.

అనవసరపు కోర్సు నిరోధక క్రిములను పెంచుతుంది. ఇది ఈ నగరానికి దూరపు సంగతి కాదు. పటాన్‌చెరు ఔషధ పరిశ్రమల వ్యర్థజల శుద్ధికేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో ఒక అధ్యయనం వెల్లడించింది. ఇలాంటి మందుల వాడకాన్ని అదుపు చేసేందుకు 2014 నుంచి అమలైన ఔషధ నియమాల షెడ్యూల్ హెచ్‌1 కింద సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి అమ్మే దుకాణం రోగి పేరు, వైద్యుడి పేరు రాసి ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. సైనస్ ఆపరేషన్ల తరువాత తరచూ రాసే అమాక్సిసిలిన్‌-క్లావులనేట్ ఆ జాబితాలో లేదు.

సైనస్ ఆపరేషన్ తరువాత శంషాబాద్ విమానాశ్రయం మీదుగా గల్ఫ్‌కు వెళ్లేవారికి మరో చిక్కుంది. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేంతకు తగ్గుతుంది. గడ్డకట్టిన రక్తంతో, వాపుతో మూసుకున్న సైనస్‌లోని గాలి, విమానం పైకి వెళ్లేటప్పుడు వ్యాకోచిస్తుంది. దిగేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి పొర లాగుకుపోయి తీవ్రమైన నొప్పి, కొన్నిసార్లు రక్తస్రావం వస్తాయి. ఇది ఒత్తిడి వల్ల కలిగే గాయం కనుక, ప్రయాణం కోసమని యాంటీబయాటిక్ రోజులు పెంచితే ఆగదు. ముక్కులో ప్యాకింగ్ ఉండగా ప్రయాణం తగదు. తీసిన తరువాత కూడా సైనస్ ద్వారాలు తెరిచి ఉన్నాయో లేదో శస్త్రవైద్యుడు ఎండోస్కోప్‌తో చూసి, ప్రయాణ తేదీ చెప్పాల్సి ఉంటుంది.