నెల్లూరు నాగలికి తగిలిన రోమను బంగారం

1786లో నెల్లూరు సమీపాన పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వి చూడగా చిన్న గుడి శిథిలాలు, వాటి అడుగున ఒక కుండ, అందులో క్రీ.శ. 2వ శతాబ్దపు రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారం ధరకు అమ్మివేశాడు. పెక్కు నాణేలు మూసలో కరిగిపోగా, ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్-ఉల్-ఉమరా 30కి పైగా మాత్రం రాబట్టగలిగాడు. అవి ట్రాజను, హేడ్రియను, ఫాస్టీనాల ముద్రలు గలవి. కొన్ని నిన్ననే టంకశాల నుండి వచ్చినట్లుండగా, కొన్నింటికి రంధ్రాలున్నాయి. బహుశా ఎవరో ఆభరణాలుగా ధరించి ఉంటారు.

ట్రాజను 19 ఏండ్లు పాలించాడు. అతనిని దత్తత చేసుకొన్న నెర్వా పాలన (96–98) 16 నెలలే. అందుచేతనే అతని బంగారు నాణేలు అరుదు. కరిగినవాటిలో అట్టిది ఒక్కటైనా ఉన్నదా అన్నది ఇక ఏ పరిశోధకుడూ తేల్చలేడు.