ఈఎంటీ శిక్షణ: అనంతపురం ప్రాంతం

108 అంబులెన్సులో రోగి పక్కనుండి ప్రథమ చికిత్స చేసే ఉద్యోగిని ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ) అంటారు, డ్రైవరు ‘పైలట్’. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈఎంఆర్ఐ అనే సంస్థ ఈ అంబులెన్సు సేవను 2005 ఆగస్టు 15న మొదలుపెట్టింది. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సహకారంతో రెండేళ్ల పారామెడిక్ కోర్సు వచ్చింది. గుండెమర్దన, ఆక్సిజన్, రక్తస్రావం ఆపడం, కాన్పు చేయడం ఈఎంటీలకు అన్నిచోట్లా నేర్పేవే. అనంతపురం మెట్టసీమలో అంతకంటే అక్కరకొచ్చేవి వడదెబ్బ, 44వ జాతీయ రహదారి ప్రమాదాలు, అన్నిటికీ మించి వేరుశనగ చేలల్లో పాముకాటుకు చేసే చికిత్సలు. కాటును కోయకూడదు, పైన తాడు బిగించకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఊపిరి కనిపెడుతూ, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి: అది అనంతపురం సర్వజనాసుపత్రి కావచ్చు, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి కావచ్చు. ఊళ్లు ఎడమెడంగా ఉన్నందున తరగతిలో బొమ్మపై నేర్చినదంతా ఇక్కడ కుదుపుల బండిలోనే చేయాలి; శిక్షణలో అసలు కష్టం అదే.