గంజితొట్టి చెంత జంటవ్యాధులు

హైదరాలీ దండయాత్రనాటి క్షామమున మద్రాసు రాయపురము చెంత ఆకలిగొన్నవారికి గంజి వోసిన మణియకారు సత్రమే కాలక్రమమున వైద్యశాలయై, జనులనోట 'గంజితొట్టి ఆసుపత్రి'గా నిలిచి, స్టాన్లీ వైద్యకళాశాలకు మూలమయ్యెను. 1986లో ఈ నగరముననే వైద్యురాలు సునీతి సాలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల, దేశమున తొలిసారిగా హెచ్‌.ఐ.వి.ని గుర్తించిరి. 1965 నాటికే శాస్త్రజ్ఞుడు బ్లంబర్గ్ జాడ పట్టిన హెపటైటిస్ బి సైతము రక్తము, సూది, సంయోగము, ప్రసవము అను హెచ్‌.ఐ.వి. త్రోవలనే నడచుటచేత, రెండును ఒక్కొక్కప్పుడు ఒకే దేహమున జేరి కాలేయమును త్వరితముగా శిథిలము చేయుచుండును. కామెర్లకు నేలయుసిరిక నూరి మ్రింగు మనవారి యలవాటును మద్రాసు శాస్త్రజ్ఞుడు త్యాగరాజన్ 1988లో హెపటైటిస్ బికై పరీక్షింపగా ఆశ చిగిర్చినది గాని, పిమ్మటి పరిశోధనలు దానిని బలపరుపలేదు. నేడు రెండు వ్యాధులకును పనిచేయు టెనోఫోవిర్ అను మందు గలదు. దానిని హఠాత్తుగా మానినచో కాలేయవ్యాధి మరల ప్రకోపింపవచ్చును.