సహజ లేటెక్స్ పరుపు

రబ్బరు చెట్టు బెరడుకు గాటు పెట్టినప్పుడు కారే పాలను నురుగుగా గిలకొట్టి, అచ్చులో గట్టిపరచి చేసే పరుపు. భారతదేశంలో రబ్బరు సాగుకు కేరళ ప్రధాన కేంద్రం. పాలు విరగకుండా అమ్మోనియా కలిపి, రబ్బరు సుమారు 60 శాతం ఉండేలా చిక్కబరుస్తారు. 1929లో బ్రిటన్‌లో డన్‌లప్ సంస్థ రూపొందించిన పద్ధతిలో గంధకం కలిపిన పాల నురుగును ఆవిరి వేడిపై వల్కనీకరిస్తారు, అంటే గట్టిపరుస్తారు. టాలలే అనే మరో పద్ధతిలో నురుగును శూన్యంలో ఉబ్బించి, గడ్డకట్టించి, ఆపై వేడిచేస్తారు.

ఒత్తిడి తీయగానే యథాస్థితికి రావడం దీని ముఖ్యగుణం. అందుకే భుజాలు, తుంటి దిగినచోట దిగి, నడుముకు ఆనిక దొరుకుతుంది. పక్కవారు కదిలినా కుదుపు తక్కువ. అచ్చులోని కడ్డీల వల్ల ఏర్పడే రంధ్రాల గుండా గాలి ఆడుతుంది. దుమ్ముపురుగులు అసలే చేరవన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. రబ్బరు ప్రోటీన్లు పడనివారు వైద్యుణ్ణి సంప్రదించాకే కొనాలి.

దూది పరుపును ఎండలో వేసే అలవాటు దీనికి పూర్తిగా హానికరం: అతినీలలోహిత కిరణాలకు, ఓజోన్‌కు రబ్బరు పెళుసుబారి పొడిపొడిగా రాలుతుంది. నూనె తగిలినా పాడవుతుంది. నీళ్లలో ఉతకకూడదు, మరక పడితే తడిబట్టతో అద్ది, నీడలో ఆరబెట్టాలి. నేలపై నేరుగా పరిస్తే అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది కాబట్టి సందులున్న చెక్కపట్టీల మంచం మేలు. కొన్ని నెలలకోసారి తలవైపును కాళ్లవైపుకు తిప్పాలి. బరువైనది, లాగితే చిరుగుతుంది. ఇద్దరు పట్టి ఎత్తాలి.