పీసీబీ రివర్స్ ఇంజనీరింగ్ పుస్తకాలు

ముద్రిత సర్క్యూట్ బోర్డు మీది భాగాలను, రాగి దారులను పరిశీలించి దాని సర్క్యూట్ డయాగ్రమ్‌ను తిరిగి గీయడాన్ని పీసీబీ రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. డ్రాయింగులు దొరకని పాత యంత్రాల మరమ్మతుకు, భద్రతా పరిశోధనకు, ఎలక్ట్రానిక్స్ బోధనకు ఇది పనికొస్తుంది. అచ్చంగా ఈ విద్య మీదే వచ్చిన పుస్తకాలు తక్కువ. కావలసిన విషయం సర్క్యూట్ సిద్ధాంతం, బోర్డు తయారీ, డయాగ్రమ్ గీసే పద్ధతి, హార్డ్‌వేర్ భద్రత అనే నాలుగు రకాల పుస్తకాల్లో చెదిరి ఉంది. వీటిలో సర్క్యూట్‌ను చదవడం నేర్పే పుస్తకానిదే మొదటి స్థానం.

పని స్వరూపం

బోర్డును విప్పి చూసేవారి ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి: ఈ భాగం ఏమిటి, ఇది దేనికి కలిసింది, ఇక్కడ ఎందుకు ఉంది? మొదటిదానికి భాగం మీద అచ్చు వేసిన కోడ్, దాని డేటాషీట్ ఆధారం. 103 అని ఉన్న చిప్ రెసిస్టర్ విలువ 10 కిలో ఓమ్‌లు, 472 అని ఉంటే 4.7 కిలో ఓమ్‌లు. రెండో ప్రశ్నకు బోర్డు రెండు వైపులా తీసిన స్కాన్లు, మల్టీమీటర్ కంటిన్యూటీ బీప్ చాలావరకు సరిపోతాయి. లోపలి పొరల్లోని దారులను కళ్లారా చూడాలంటే మాత్రం ఎక్స్‌రే తీయాలి, లేదా పొర తర్వాత పొర అరగదీయాలి. మూడో ప్రశ్నకు మీటరు దగ్గర జవాబు ఉండదు.

పవర్ సప్లై బోర్డు మీద పేరు గీకేసిన ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి ఉందనుకుందాం. ఐదో కాలు గ్రౌండ్‌కు, ఏడో కాలు సరఫరాకు వెళ్లాయి. ఆరో కాలు చిన్న రెసిస్టర్ మీదుగా మాస్‌ఫెట్ గేట్‌ను చేరింది. ఎనిమిదో కాలి నుంచి నాలుగో కాలికి ఒక రెసిస్టర్, నాలుగో కాలి నుంచి గ్రౌండ్‌కు ఒక కెపాసిటర్ ఉన్నాయి. మూడో కాలు మాస్‌ఫెట్ సోర్స్ దగ్గరున్న అతి తక్కువ విలువ రెసిస్టర్ వైపు సాగింది. ఈ అమరికను ఇంతకుముందు చదివినవారు అది యూసీ3842 కుటుంబపు కంట్రోలర్ అని పోల్చుకుంటారు. పనిచేస్తున్నప్పుడు ఎనిమిదో కాలి మీద 5 వోల్టులు కనిపిస్తే ఆ ఊహ బలపడుతుంది. పేరు తెలిశాక డేటాషీట్ దొరుకుతుంది, మిగతా బోర్డు సులువవుతుంది.

పునాది గ్రంథాలు

పాల్ హోరోవిట్జ్, విన్‌ఫీల్డ్ హిల్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ ఈ వర్గంలో ముఖ్యమైనది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ దీని మొదటి కూర్పును 1980లో, రెండోదాన్ని 1989లో, మూడోదాన్ని 2015లో ప్రచురించింది. లెక్కల కన్నా డిజైనర్ ఆలోచనా తీరుకు ఇది ఎక్కువ చోటిస్తుంది. ఫలానా చోట ఫలానా భాగాన్ని ఎందుకు పెడతారో చెబుతుంది కాబట్టి, వేరొకరు పెట్టిన భాగాన్ని చూసి కారణం ఊహించడానికి అదే చదువు పనికొస్తుంది. ఒంటరిగా చదివేవారికి ఇది బరువైన పుస్తకం. టామ్ హేస్ 2016లో హోరోవిట్జ్ సహకారంతో తెచ్చిన ‘లెర్నింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ అదే విషయాన్ని ల్యాబ్ పాఠాలుగా నడిపిస్తుంది.

తయారీ గ్రంథాలు

బోర్డు ఎలా తయారైందో తెలిస్తే దారి ఎక్కడ మాయమై ఎక్కడ తేలుతుందో అంచనా వేయవచ్చు. పొరల మధ్య దారులను కలిపే రంధ్రాన్ని వయా అంటారు. పైనుంచి కింది దాకా వెళ్లే వయా రెండు వైపులా కనిపిస్తుంది. బ్లైండ్ వయా ఒక వైపే కనిపిస్తుంది. లోపలి పొరల మధ్యే ఉండే బరీడ్ వయా బయటికి అసలు కనిపించదు. సాధారణంగా వాడే బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు కాగా, ఒక ఔన్స్ రాగి పొర మందం 35 మైక్రాన్లే. సాండ్‌పేపరుతో అరగదీసేవారు గుర్తుంచుకోవలసిన కొలత ఇది. మెక్‌గ్రా-హిల్ 1967లో మొదలుపెట్టిన క్లైడ్ కూంబ్స్ ‘ప్రింటెడ్ సర్క్యూట్స్ హ్యాండ్‌బుక్’ పెద్ద ఆకర గ్రంథం. భారత విద్యార్థులకు వాల్టర్ బోషార్ట్ రాయగా టాటా మెక్‌గ్రా-హిల్ 1983లో ప్రచురించిన పుస్తకం, ఆర్.ఎస్. ఖండ్‌పూర్ పుస్తకం ఎక్కువ పరిచయం.

నేరుగా ఈ విద్యపై వచ్చినవి

ఎంగ్ కెంగ్ టియాంగ్ 2015లో ‘ది ఆర్ట్ ఆఫ్ పీసీబీ రివర్స్ ఇంజనీరింగ్’ తెచ్చారు. బోర్డు ఫొటో దగ్గర మొదలై శుభ్రమైన డయాగ్రమ్ దాకా సాగే పనిని ఇది చూపిస్తుంది. ఇందులో డయాగ్రమ్ గీయడానికి వాడింది మైక్రోసాఫ్ట్ విజియో. నేటి పాఠకులు అదే పద్ధతిని ఉచిత సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లోకి మార్చుకోవచ్చు. జో గ్రాండ్ 2014లో యూజ్‌నిక్స్ వూట్ సదస్సులో సమర్పించిన పత్రం పుస్తకం కాకపోయినా ఈ జాబితాలో ఉండదగినది. సోల్డర్ మాస్క్ తొలగించడం, పొరలు విడదీయడం, ఎక్స్‌రే చిత్రణ వంటి పద్ధతులను అది పోల్చి చూపింది.

భద్రతా పరిశోధన వైపు నుంచి

ఆండ్రూ ‘బన్నీ’ హువాంగ్ ‘హ్యాకింగ్ ది ఎక్స్‌బాక్స్’ 2003లో వెలువడింది. ఎంఐటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన ఎక్స్‌బాక్స్ బోర్డు మీద రెండు చిప్‌ల మధ్య నడిచే హైపర్‌ట్రాన్స్‌పోర్ట్ సంకేతాలను పట్టి రహస్య కీని రాబట్టారు. కాపీరైట్ చట్టాల భయంతో మొదటి ప్రచురణకర్త వెనక్కి తగ్గగా హువాంగ్ సొంతంగా అచ్చు వేయించారు. తర్వాత దాన్ని నో స్టార్చ్ ప్రెస్ తీసుకుంది. ఇంటర్నెట్ ఉద్యమకారుడు ఆరన్ స్వార్ట్జ్ స్మృతిలో 2013 నుంచి ఈ-పుస్తకం ఉచితంగా లభిస్తోంది. యాస్పర్ ఫాన్ వౌడెన్‌బర్గ్, కాలిన్ ఓ’ఫ్లిన్ రాసిన ‘ది హార్డ్‌వేర్ హ్యాకింగ్ హ్యాండ్‌బుక్’ భాగాల గుర్తింపుతో మొదలైనా, త్వరగా పవర్ ఎనాలిసిస్, ఫాల్ట్ ఇంజెక్షన్ వంటి దాడుల్లోకి వెళ్తుంది. డయాగ్రమ్ గీయడమే కావలసినవారికి ఇది రెండో దశ చదువు.

చట్టపరమైన పరిధి

భారతదేశపు సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్-డిజైన్ చట్టం, 2000 చిప్ లోపలి అమరికకు రక్షణ కల్పిస్తూనే, శాస్త్రీయ మదింపు, విశ్లేషణ, పరిశోధన, బోధన కోసం చేసే పునరుత్పత్తిని ఉల్లంఘనగా చూడదు. బోర్డు మీది మెమరీలో ఉండే ఫర్మ్‌వేర్‌కు కాపీరైట్ వేరుగా వర్తిస్తుంది. అమెరికా, ఐరోపా రచయితలు రాసే చట్టపు అధ్యాయాలు ఆయా దేశాలకే వర్తిస్తాయి.

ఎంపిక

కొనేముందు పుస్తకంలో కనీసం ఒక తెలియని బోర్డును మొదటి నుంచి చివరిదాకా విప్పి చూపారా, ఊహ తప్పా ఒప్పా అని ఎలా తేల్చుకోవాలో చెప్పారా అని చూడాలి. పరికరాల జాబితాతో సగం నిండిన పుస్తకం త్వరగా పాతబడుతుంది. సాధనకు రెండే పొరలున్న, బ్యాటరీతో నడిచే బోర్డు మేలు. మొబైల్ ఛార్జరుతో మొదలుపెట్టడం ప్రమాదం: 230 వోల్టుల సరఫరాను డీసీగా మార్చాక లోపలి కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ఉంటాయి.

డబ్బు ఒక్క పుస్తకానికే సరిపోతే పునాది గ్రంథమే కొనడం లాభం. సాఫ్ట్‌వేర్ మెనూలు, పరికరాల మోడళ్లు కొన్నేళ్లకే మారిపోతాయి. 1989 నాటి కూర్పులోని ఆప్-ఆంప్, రెగ్యులేటర్ అధ్యాయాలు మాత్రం నేటి బోర్డు మీద కూడా అక్షరాలా పనిచేస్తాయి.