కళింగ అనే గుల్లలేని నత్త

గుల్లలేని సముద్రపు నత్తను స్పిరిట్ సీసాలో వేస్తే కొన్నాళ్లకు మిగిలేది పాలిపోయిన ముద్ద. రంగు పోతుంది, ఒళ్లు ముడుచుకుపోతుంది. జాతిని పట్టిచ్చే గుర్తుల్లో సగం అక్కడే చెరిగిపోతాయి. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ఇలాంటి ముద్దలతో 19వ శతాబ్దపు పండితులు తలలు పట్టుకునేవారు.

ఆ చిక్కు తప్పించినవాడు వాల్టర్ ఎలియట్, 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారుల కమిషనర్. అమరావతి శిల్పాలు తవ్వించిన వారిలో ఈయనొకరు. శాసనాలు, నాణేలు, పక్షులు, ఏది కంటబడితే అది పోగేసే మనిషి. వాల్తేరులో దొరికిన నత్తలకు ప్రాణం ఉండగానే రంగుల్లో బొమ్మలు గీయించాడు. నన్నడిగితే, కనిపెట్టడంలో సగం పని అక్కడే అయిపోయింది.

ఆ బొమ్మలూ, స్పిరిట్‌లో వేసిన నత్తలూ ఇంగ్లండులోని న్యూకాజిల్ చేరాయి. బ్రిటన్ తీరపు గుల్లలేని నత్తల మీద పెద్ద గ్రంథం తెచ్చిన జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్‌లది ఆ ఊరే. (1857లో బ్యాంకు మునిగి ఆల్డర్ దాచుకున్న సొమ్మంతా పోయింది. ఆయన నత్తలను మాత్రం వదల్లేదు.) రంగూ రూపూ బొమ్మ చెప్పేది, లోపలి నిర్మాణం కోస్తే తెలిసేది. 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ వారి పత్రికలో ఇద్దరి వ్యాసం అచ్చయింది. అందులో ఒక నత్త తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడలేదు. దానికి కళింగ ఆర్నేటా అని పేరు పెట్టారు. మొదటి మాట ఈ తీరపు పాత పేరే; ఆ సంగతి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

లోపలిది కనిపించేంత పలచని తెల్లటి ఒళ్లు, దాని మీద ఎర్రటి బొడిపెలు, తల మీద రెండు కొమ్ములు, వీపున పాయలుగా చీలిన మొప్పలు. చీకట్లో కదిలిస్తే వెలుగుతుంది కూడా. తిండి మాత్రం విడ్డూరం: సన్నటి పొడుగు చేతులుండే నక్షత్ర జీవులు.

ఇవాళ ఎవరికైనా కొత్త నత్త దొరికితే చేయాల్సిందీ ఎలియట్ పనే. తెల్లటి పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి, అది కొమ్ములూ మొప్పలూ విప్పేదాకా ఆగి, పక్కన స్కేలు పెట్టి పైనుంచీ పక్కనుంచీ ఫొటోలు తీయాలి. ఎక్కడ, ఎంత లోతున, దేని మీద దొరికిందో రాసుకోవాలి. స్పంజులు తినే నత్తలైతే పాటు వేళ బండల సందుల్లో కనిపిస్తాయి. కళింగది ఇసుక, బురద కలిసిన అడుగు. దాన్ని వెతకాల్సింది చింతపల్లి దీపస్తంభం దగ్గరి రాళ్లలో కాదు, కళింగపట్నంలోనో భావనపాడులోనో వల దులిపి ఒడ్డున పారబోసే చెత్తలో.