మన తాలూకా జీపులు – ఒక గుమస్తా జ్ఞాపకం

 ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, పాళెగాండ్ల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో గుమస్తాగా పని చేసినవాడిని గనుక బండ్ల రిజిస్ట్రేషను చరిత్ర వ్రాస్తాను.

మన మడకశిరకు చుట్టూ కన్నడ సీమే ఎక్కువ. శిర, పావగడ, మధుగిరి వైపు సంతలకు, పెళ్లిళ్లకు పోయి రావలసినదే. రాళ్లబాటలకు జీపు తగిన బండి. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత సైన్యం వదిలిన విల్లీస్ జీపులు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అటు తర్వాత బొంబాయిలో మహీంద్రావారు, అమెరికా నుండి పెట్టెల్లో వచ్చిన విడిభాగాలు బిగించి జీపులు తయారు చేశారు. అంటే మన దేశంలో బిగించిన తొలి జీపులు కూడా విడిభాగాల బండ్లే! అయితే వాటి వెనుక పూచీ పడే కంపెనీ ఉంది, కాగితం ఉంది.

1939 మోటారు వాహనాల చట్టంలో 32వ సెక్షను ఉండేది. బండిలో మార్పు చేయదలచినవారు ముందుగా అధికారికి తెలిపి, అనుమతి పొంది, ఆర్.సి. పుస్తకంలో వ్రాయించుకోవాలి. 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు వేయించడం ఎక్కువైంది. ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నెంబరుపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసేవారు. ఆ అచ్చు ఫైలులో అతికించడం నా పని.

1-7-1989 నుండి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. మన జిల్లా బండ్లకు ఏపీ 02 నెంబర్లు వచ్చాయి. రిజిస్ట్రేషనుకు ఫారం 20తో దరఖాస్తు, అమ్మినవారి ఫారం 21, బండి రోడ్డుకు తగినదని తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. సైన్యం అమ్మిన బండికి ఆ అధికారులే ఫారం 21 ఇవ్వాలి. కొత్త నమూనాను తయారీదారు పుణె వంటిచోట గల పరీక్షా సంస్థలకు పంపి నెగ్గించుకోవాలి.

ఆ రోజుల్లోనే మా వైపు మెకానిక్ ఒకాయన మూడు పాత జీపుల సామాను కలిపి ఒక జీపు కట్టాడు. రేకు పని కూడా స్వయంగా చేసుకున్నాడు. ముచ్చటైన బండి. నెంబరు కోసం నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఫారం 22 లేదన్నాను. "బండి నడుస్తాంది గదన్నా, ఇంక కాగితంతో ఏం పని?" అన్నాడు. తిరస్కరించవలసినదిగా నోటు పెట్టాను. పై అధికారి సంతకం చేశారు.

ఆయన నెంబరు లేకుండానే బండి తిప్పాడు. ఒకనాడు చెనిక్కాయ కూలీలను ఎక్కించుకొని వస్తుండగా బోల్తా పడింది. ఒక ఆడకూతురికి కాలు పోయింది. రిజిస్ట్రేషను లేదు గనుక ఇన్సూరెన్సు లేదు. నష్టపరిహారం కోసం ఆయన ఉన్న రెండెకరాలూ అమ్ముకున్నాడు.

నా నోటు సరైనదే. కానీ ఆర్.సి. ఉన్న పాత జీపు ఒకటి కొని, 52వ సెక్షను క్రింద అనుమతితో మార్పులు చేసుకోవచ్చునని నాకు తెలుసు. అప్పట్లో ఆ దారి ఉండేది. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు, నాకు పని ఒత్తిడి. రెండు నిమిషాల మాట అది. ఇప్పటికీ ఆ బాధ నన్ను వదలలేదు.

2000లో సెక్షను సవరించి ఆ దారిని బాగా ఇరుకు చేశారు. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. 2021లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కమ్మరి ఒకాయన పాత సామానుతో కట్టిన చిన్న జీపు దేశమంతా పేరు పొందింది. అది నిబంధనలకు సరిపడదని చెబుతూనే ఆనంద్ మహీంద్రా దాన్ని తీసుకొని, బదులుగా కొత్త బొలెరో ఇప్పించారు. అదే ఏడు, యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకు వేరే రిజిస్ట్రేషను ఏర్పరిచారు. తాతలనాటి జీపు ఇంట ఉన్నవారు గమనించగలరు.

మన మనుమలు జీపులకు, బుల్లెట్లకు రకరకాల మార్పులు చేయిస్తున్నారు. ముందు ఆర్.సి. చూడమనండి, ఇన్సూరెన్సువారిని అడగమనండి. ఇంకొక మాట. ఎవరైనా కాగితం పట్టుకొని మన దగ్గరకు వస్తే, కాదని చెప్పి ఊరుకోక, ఏ దారి ఉందో కూడా చెబుదాం. పదవీ విరమణ చేసినవారికి తీరిక ఉంది గదా!

సెలవు.